వెనకగదిలో వెన్న

తపస్సు కాలంలో మనుషులు గుడ్లు తినడం మానేస్తారు. కోళ్లు పెట్టడం మానవు. బూడిద బుధవారం మొదలు ఈస్టర్ తెల్లవారుజాము వరకు గుడ్లు, వెన్న, మాంసం ముట్టని ఇళ్లలో ఈ చిన్న కారణం వల్ల పెద్ద నిల్వ పోగవుతుంది. ఆ నిల్వ ఖర్చు కావడానికే పండగ రొట్టెలో అన్ని గుడ్లు, అంత వెన్న పడతాయని పెద్దవాళ్లు చెప్పేవారు. అదొక్కటే కారణం కాకపోవచ్చు. కాని ఆ వీధిలో జరిగేది మాత్రం అదే. ఇంటింటి గుడ్లూ, పాడి ఉన్నవాళ్ల వెన్నా చర్చి ప్రహరీని ఆనుకొని ఉన్న రొట్టెల దుకాణానికి చేరేవి. అవే పండగనాడు మూడు పాయల జడలా అల్లిన రొట్టెలై, చర్చిలో ఆశీర్వాదం పొంది, మళ్లీ ఇంటింటికీ వెళ్లేవి.

దుకాణంలో మూడు గదులు. ముందు గదిలో అమ్మకం, నడిమి గదిలో బట్టీ, దాని వెనక ఎండ పడని చల్లని గది. అమ్మకం చిన్నకోడలిది, బట్టీ పెద్దకోడలిది. అత్తగారు బతికుండగా చేసిన ఆ పంపకం ఆమె పోయాక కూడా మారలేదు. పెద్దకోడలికి భర్త పోయాడు, పిల్లలు లేరు. మరిది, తోడికోడలు నడిపే సంసారంలో ఆమె స్థానమేమిటని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం రాలేదు. రొట్టె బాగున్నన్నాళ్లూ జవాబు బట్టీ ముందు నిలబడి ఉండేది.

వీధిలో ఆమెను ముక్కుపెద్దమ్మ అనేవారు. నిజానికి ఆమెది చిన్న ముక్కు. కాని పిండి ఎంత పులిసిందో మూత కొద్దిగా పైకెత్తి, ఒక్క ఊపిరి పీల్చి చెప్పేది. మూటలో పిండికి చెమ్మ తగిలిందనీ, వెన్న నిన్నటిది కాదు మొన్నటిదనీ వాసన మీదే తేల్చేది.

"పాలు విరగబోతున్నాయని పాలకంటే ముందు మా అక్కకే తెలుస్తుంది," అని చిన్నకోడలు దుకాణానికి వచ్చినవాళ్లతో అనేది. అందులో పొగడ్త ఎంతో, వేళాకోళం ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

తపస్సు కాలంలో ఆ ముక్కుకు పని రెట్టింపయ్యేది. వెన్నా గుడ్లూ కలిసిన పండగ పిండిని ఉపవాసం విడిచేదాకా ఎవరూ రుచి చూడకూడదు. చిటికెడు నాలుక మీద వేసుకున్నా వ్రతభంగమే. అంటే, ఏడాదిలో అన్నిటికన్నా ముఖ్యమైన రొట్టెను ఆ ఇంట్లో ఎవరూ రుచి చూడకుండా తయారు చేసేవారు. నాలుక చేయవలసిన తనిఖీ మొత్తం ముక్కు చేసేది. అత్తగారి కాలం నుంచీ అంతే.

ఆ ఏడు చలికాలంలో పెద్దకోడలికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడేదాకా ఆమె పక్కనే కూర్చుని బఠాణీలు ఒలిచింది. పొగ కళ్లకు తగిలినప్పుడు లేచి చూసింది. ఆ రోజు గిన్నె తోముతూ, మాడిన అడుగును ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. సబ్బు ముక్క, ఉల్లిపాయ, చెప్పులు, బట్టీలోని బూడిద, ఒక్కొక్కటే చూసింది. ఏమీ లేదు.

డాక్టరు దగ్గరకు ఒంటరిగా వెళ్లింది. రావచ్చు, రాకపోవచ్చు, వస్తే ఎప్పుడో చెప్పలేమన్నాడు. రోజూ ఏదైనా ఘాటైనది వాసన చూస్తుండమన్నాడు. ఆమె లవంగాల డబ్బా తెచ్చి తలగడ పక్కన పెట్టుకుంది. ప్రతి ఉదయం మూత తీసి పీల్చేది. ముక్కు లోపల కొద్దిగా చురుక్కుమనేది. మొదట్లో దాన్ని చూసి ఆశపడింది. తర్వాత అర్థమైంది: అది మంట, వాసన కాదు. మంటను తెలిపే నరం వేరు, వాసనను తెలిపే నరం వేరు. మొదటిది బతికే ఉంది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. పండగ నాటికి తిరిగి వస్తుందని అనుకుంది. ఈలోగా పనిని వేళ్లతో, కళ్లతో చేసింది. పిండిలో వేలు గుచ్చి, గుంట ఎంత నెమ్మదిగా పూడుతుందో చూసింది. గుడ్డును నీళ్లలో వేసి, మునిగితే ఉంచింది, తేలితే పారేసింది. అయినా చిన్నకోడలు ఎదురుగా ఉన్నప్పుడు మూత ఎత్తి ఊపిరి పీల్చడం, తల ఊపడం మానలేదు. ఉపవాసం మొదలయ్యాక ఇంట్లో ఎవరూ కూర ఎలా ఉందని కూడా అడగలేదు. ఉప్పు, నూనె తగ్గించిన తిండి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఆ మౌనం ఆమెకు కలిసొచ్చింది.

ఈస్టర్‌కు ముందటి ఆదివారమైన మట్టలాదివారం లోపే మరిది ఏటేటా చర్చి బెంచీలకు వార్నిష్ వేసేవాడు. అది అతని మొక్కు. ఈసారి తలుపులకు కూడా వేశాడు. వారమంతా వీధి వీధే వార్నిష్ వాసన కొట్టింది. అతని చొక్కా, భోజనాల గది, చివరకు ప్రార్థన పుస్తకం కూడా.

"దేవుడి కోసం మనం ఉపవాసం ఉంటే, మీ బెంచీలు మాత్రం కడుపునిండా తాగుతున్నాయి," అంది చిన్నకోడలు.

"తాగనీవే. వచ్చే ఏడు కూర్చుంటే నీ చీరకి అంటుకోకుండా ఉంటాయి," అన్నాడు మరిది.

రెండు మూడు రోజులకు ఆ వాసన గురించి మాట్లాడటం మానేశారు. ముక్కు గుణమే అంత. ఎడతెగకుండా తగిలే వాసనను కాసేపటికి లెక్కలోంచి తీసేస్తుంది. అది పోయిందనుకుంటాం గాని అది అక్కడే ఉంటుంది.

శుభశుక్రవారం గంటలు మోగవు, బట్టీ వెలిగించరు. శనివారం తెల్లవారగానే పెద్దకోడలు వెనకగది తాళం తీసింది. వెన్న ముద్దలు తడిగుడ్డ కింద ఉన్నాయి, గుడ్లు వరిపొట్టులో ఉన్నాయి. ఒక్కొక్క గుడ్డును ముందు చిన్న గిన్నెలో కొట్టి, సొన నిండుగా ఉందని చూసుకుని, ఆ తర్వాతే పెద్ద గిన్నెలో వంచింది. నారింజ తొక్క తురిమింది. వెన్నను కొద్దికొద్దిగా పిండిలో మర్దించింది. పిండి పట్టులా సాగింది. కంటికీ చేతికీ అందిన ప్రతి పరీక్షలోనూ అది నెగ్గింది. పక్కనే చిన్నకోడలు ఉల్లిపొట్టు, వెనిగర్ వేసి మరిగించిన నీళ్లలో గుడ్లకు ఎర్ర రంగు ఎక్కిస్తోంది. గదిలో ఆ వాసనల కలగాపులగంలో ఎవరి ముక్కుకూ ఏదీ ప్రత్యేకంగా తెలియలేదు.

మధ్యాహ్నానికి రొట్టెలు బయటికి వచ్చాయి. జడ జడకూ మధ్య ఎర్రగుడ్డు, పైన మెరుపు. మరిది గుమ్మంలో నిలబడి, "ఈసారి అమ్మ చేసినట్టే వచ్చాయి వదినా," అన్నాడు. ఆమె నుదురు తుడుచుకుంది. లవంగాల డబ్బా ఆ ఉదయం కూడా ఏమీ చెప్పలేదన్న సంగతి ఆ కాసేపు మరిచిపోయింది.

అప్పుడే చిన్నకోడలి కూతురు వచ్చింది. పెళ్లయి పక్కవీధిలో ఉంటుంది, మూడో నెల. ఫాదరుగారు ఆమెకు ఉపవాసం మినహాయించారు. ఏది తిన్నా నిలవడం లేదు.

"ఒక్క చిన్న రొట్టె చివర తుంచుకోనా పెద్దమ్మా? రాత్రి నుంచీ ఏమీ పోలేదు లోపలికి."

"తీసుకో తల్లీ. నీకు దోషం లేదు."

ఆమె కొస తుంచి నోట్లో వేసుకుంది. రెండుసార్లు నమిలింది. పరుగున వెళ్లి పెరట్లో ఉమ్మేసింది.

"వార్నిష్!" అంది, నోరు కడుక్కుంటూ. "నాన్న బెంచీ నాకినట్టుంది!"

చిన్నకోడలు నవ్వింది. "నిన్న నీకు మంచినీళ్లు ఇనుపకంపు. మొన్న మీ ఆయన తలనూనె బురదకంపు. నీ మాట పట్టుకుంటే ఈ ఇంట్లో వాసన రానిది గోడ ఒక్కటే."

"గోడ కూడా వస్తోందమ్మా. కాని ఇది నిజంగానే. నువ్వు తిని చూడు."

"రేపు తెల్లారేదాకా నేనెట్లా తింటాను?" చిన్నకోడలు ఒక రొట్టెను ముఖం దగ్గరకు తీసుకుని చూసింది. "నాకేం తెలీట్లేదు. నాకు ఇల్లంతా ఒక్కటే వాసన. అక్కా, నువ్వు చూడు. నీ మాటే మాట."

ముగ్గురూ పెద్దకోడలి వైపు తిరిగారు. కూతురి చేతిలో ఇంకా తడి, చిన్నకోడలి పెదవుల మీద ఇంకా నవ్వు, మరిది చొక్కా మీద వార్నిష్ మరక. ఆమె రొట్టె అందుకుంది. వేడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆవిరి తగిలింది, అంతే.

"బాగానే ఉంది," అంది.

"విన్నావుగా?" అంది చిన్నకోడలు కూతురితో. "పో, కాసేపు నడుం వాల్చు."

మరిది సాయంత్రం చర్చికి చేర్చాల్సిన బుట్టలు కిందికి దించాడు. పెద్దకోడలు వెనకగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. అబద్ధం ఆడినందుకు కాదు. అది అబద్ధమో కాదో కూడా తనకు తెలియనందుకు.

పరీక్షించడానికి ఒక్కటే మార్గం మిగిలింది: వెతకడం. వెన్న పెట్టిన చెక్కబల్ల చుట్టూ చూసింది. పొట్టు కదిపింది. చివరకు వంగి, బల్ల కిందికి చేయి పోనిచ్చింది. వేళ్లకు గుండ్రని రేకు తగిలింది. బయటికి లాగింది. వార్నిష్ డబ్బా. దాని వెనక ఇంకొకటి, వార్నిష్‌ను పలచన చేసే టర్పెంటైన్. రెండోదాని మూత ఒకవైపు లేచి ఉంది. మూత మీద గుడ్డ కప్పి ఉంది గాని, ఆవిరిని గుడ్డ ఆపదు. వెన్న దాన్ని పీల్చుకుంటుంది. కొవ్వుకు ఆ స్వభావం ఉంది, పక్కన ఏది ఉంటే దాని వాసనను తనలో దాచుకుంటుంది. గుడ్డు పెంకుకు కూడా కనిపించని రంధ్రాలుంటాయి. ఇవన్నీ ఆమెకు తెలుసు. వెన్న పక్కన ఉల్లిపాయ పెట్టిందని ఒకప్పుడు చిన్నకోడలిని తిట్టింది కూడా.

ఇప్పుడు ఆమెకు వాసన తెలియలేదు, కాని విషయం తెలిసింది.

ఆ గదిలో ఎంతసేపు నిలబడిందో ఎవరూ చూడలేదు. ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు. రొట్టెలు చర్చికి వెళ్లిపోతే, రేపు ఎవరైనా ముఖం చిట్లిస్తే, తప్పు వెన్న ఇచ్చినవాళ్లదో, వార్నిష్ వేసినవాడిదో అవుతుంది. చెబితే మాత్రం బట్టీ ముందు నుంచి ఆమె తప్పుకోవాలి. బట్టీ లేకుండా ఆ ఇంట్లో ఆమె ఏ గదికి చెందుతుందో ఆమెకు తట్టలేదు. కాని వీధిలో పసిపిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు, మూడో నెల కడుపుతో ఉన్న పిల్ల ఉంది. నలభై రోజులు నోరు కట్టుకున్న మనుషుల మొదటి ముద్ద అది.

డబ్బా పట్టుకుని నడిమి గదిలోకి వచ్చింది.

"మరిదీ, ఇది అక్కడెవరు పెట్టారు?"

"నేనే వదినా. బట్టీ దగ్గర నిప్పుకు భయమని చల్లగదిలో పెట్టా. తీద్దామనుకున్నా. ఏటా ఇంత డబ్బా గుమ్మంలో పెడితేనే నువ్వు ఇల్లు ఎగరగొట్టేదానివి కదా? ఈసారి నువ్వు అరవలేదు. పర్లేదేమో అనుకుని ఉంచేశా."

"అరవలేదు," అంది ఆమె. డబ్బా కింద పెట్టింది. "చెల్లీ, నాకు వాసన తెలీదు."

"ఏ వాసన?"

"ఏదీ."

చిన్నకోడలు చేతిలోని ఎర్రగుడ్డును మెల్లగా బుట్టలో పెట్టింది. "ఎప్పటి నుంచి?"

"జ్వరం వచ్చినప్పటి నుంచి."

"అంటే చలికాలం నుంచి నా ఎదురుగా మూతలెత్తి, పీల్చి, తల ఊపిందంతా... ఇందాక కళ్లు కూడా మూసుకున్నావే అక్కా!"

"మూసుకున్నా."

"ఎందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా?"

పెద్దకోడలు బుట్టల వైపు తిరిగింది. చెప్పగలిగిన జవాబు ఆ ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాటల్లోకి రానిదే. "ముందు పని చూడు," అంది. "నువ్వు వీధి దాటి, చెరుకు తోట దాకా నడిచి వెళ్లు. అక్కడ వార్నిష్ గాలి లేదు. కాసేపు నిలబడు. ముక్కు తేరుకుంటుంది. తిరిగొచ్చి, గుమ్మంలో అడుగు పెట్టకముందే రొట్టె విరిచి చూడు. నాలుక మీద వేసుకోనక్కర్లేదు."

చిన్నకోడలు కోపంగానే వెళ్లింది. తిరిగి వచ్చేసరికి మరిది గుమ్మం బయట రొట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె దాన్ని నడిమికి విరిచి, తెరిచిన భాగాన్ని ముఖానికి దగ్గరగా తీసుకుంది. వెంటనే వెనక్కి తల తిప్పింది. లోపలికొచ్చి, వరసగా పేర్చిన బుట్టల మీది గుడ్డలు తీసి, ఒక్కొక్కటే పక్కకు నెట్టింది.

ఫాదరుగారు కబురు విని వచ్చారు. బుట్టలు చూశారు, డబ్బా చూశారు, పెద్దకోడలి ముఖం చూశారు.

"ఇంట్లో ఏముంది?" అన్నారు.

"పిండి, ఉప్పు, నీళ్లు. పులియడానికి కలిపే తోడుపిండి ముందుగదిలో ఉంది, దానికేం కాలేదు. రోజూ చేసే ఉపవాసపు రొట్టె చేయగలం, అంతే."

"సరే. మొదటి ఈస్టర్ నాడు కూడా ఎవరి దగ్గరా వెన్న లేదమ్మా," అన్నారాయన. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించాలని అనలేదేమో.

ఆ సాయంత్రం పిండి కలిపింది పెద్దకోడలే. చిన్నకోడలు పక్కన నిలబడి నీళ్లు పోసింది. అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు: "చాలు," "ఇంకొంచెం," "జరుగు." మరిది రెండు డబ్బాలనూ పెరట్లోకి తీసుకెళ్లి, చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగాయి, గంటలు మోగాయి, పాటలు పాడారు. ఆశీర్వదించిన బుట్టలు చర్చి మెట్ల మీదికి వచ్చాక, గుడ్డలు తీసి చూసినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. జడ లేదు, మెరుపు లేదు. నిన్నటిదాకా తిన్న రొట్టే.

"నలభై రోజులు నోరు కట్టుకున్నది దీనికా?" అన్నాడు గొర్రెల పెంపకందారు ముసలాయన. పొయ్యి మీద గొర్రెమాంసం అతని ఇంట్లో అప్పటికే ఉడుకుతోంది. అయినా మొదటి ముద్ద రొట్టెతోనే కావాలి.

"మా గుడ్లేవి?" అంది ఒకావిడ. "మా నల్లకోడి ఒక్కరోజు కూడా మానకుండా పెట్టింది."

పెద్దకోడలు మెట్ల పక్కన నిలబడింది. రాత్రంతా కూడగట్టుకున్న వాక్యం ఆమె దగ్గర ఉంది. నోరు తెరిచేలోపు చిన్నకోడలు ముందుకొచ్చింది.

"వెన్నకీ గుడ్లకీ వార్నిష్ పట్టింది. చూసుకోలేదు. మా తప్పు," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "ఎర్రగుడ్లు బుట్టలో ఉన్నాయి. పిల్లలు కొట్టుకుని ఆడుకోండి. తినకండి."

"మా" అన్నది ఎవరెవరో ఆమె విడమరచలేదు. పిల్లలు గుడ్డుకు గుడ్డు తాకించి, ఎవరిది పగిలిందో చూసుకున్నారు. పెద్దవాళ్లు రొట్టె తుంచుకున్నారు, కొందరు మూతి ముడుచుకుని, కొందరు మాట లేకుండా. చిన్నకోడలి కూతురు మాత్రం రెండు ముక్కలు తింది. లోపల నిలిచాయి. పెద్దకోడలు తన ముక్కను నమిలింది. ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది. ఆ రెండూ నాలుక పని. మిగతాదంతా మెత్తగా, వెచ్చగా ఉంది, అంతే.

సోమవారం ఉదయం ఆమె తలగడ పక్కన లవంగాల డబ్బా తెరిచింది. మంట. మూసేసి బట్టీ గదిలోకి వచ్చింది. అక్కడ చిన్నకోడలు అప్పటికే కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది. ముందు గది తలుపులు ఇంకా తెరవలేదు.

"ఇకమీదట మూత నేను ఎత్తుతా," అంది.

పెద్దకోడలు వెనకగది వైపు తిరిగింది. "సరే. నేను లోపల సామాన్లు..."

"ఎక్కడికెళ్తున్నావ్? ఏం చూడాలో నాకేం తెలుసు? చెప్పు."

చిన్నకోడలు పిండి గిన్నె మూత ఎత్తి, వంగి, బిగ్గరగా ఊపిరి పీల్చింది.

"పుల్లగా ఉంది."

"ఎంత పుల్లగా? నిన్నటి మజ్జిగలాగానా, మొన్నటి మజ్జిగలాగానా?"

"మజ్జిగలా కాదు."

"పులుపు వెనకాల తియ్యగా ఏదైనా వస్తోందా? బాగా మగ్గిన పండు పగలగొట్టినట్టు?"

"పండూ లేదు, కాయా లేదు. పిండి వాసన అక్కా."

పెద్దకోడలు ఇంకో మాట కోసం వెతికింది. ఇన్నేళ్లూ ఆ వాసనకు పేరు పెట్టవలసిన అవసరం ఆమెకు రాలేదు. ఉన్న పోలికలు మూడో నాలుగో. అవి కూడా జ్ఞాపకంలోంచి తీసినవి, ఆ జ్ఞాపకం ఎన్నాళ్లు సరిగ్గా ఉంటుందో ఆమెకు తెలియదు. పిండిలో వేలు గుచ్చింది. గుంట సగం పూడి ఆగింది.

"ఇంకాసేపాగాలి," అంది. "ఆగి, మళ్లీ చూడు. ఏం మారిందో చెప్పు."

బట్టీలో కట్టెలు అంటుకున్నాయి. కొంతసేపటికి చిన్నకోడలు మళ్లీ మూత ఎత్తి వంగింది. పెద్దకోడలు కదలకుండా నిలబడి ఆమె ముక్కుపుటాల వైపే చూస్తూ ఉండిపోయింది.